మూత తీసిన అత్తరు సీసా

హైదరాబాదు చూడడానికి వచ్చే చుట్టాల దగ్గర ఒక జాబితా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చార్మినార్ ఎక్కాలి. లాడ్‌బజారులో గాజులు బేరమాడాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మను పిల్లలకు చూపించాలి. వీలైతే ఇరానీ చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్లు పొట్లం కట్టించుకుని ఇల్లు చేరాలి. ఇవన్నీ కంటికీ, చేతికీ, నోటికీ సంబంధించిన పనులు. ముక్కు సంగతి ఎవరూ తలపెట్టరు. నిజానికి పాతబస్తీలో ముక్కుకున్నంత పని మరి దేనికీ లేదు.

నయాపూల్ మీదుగా మూసీ దాటి, మదీనా దగ్గర మలుపు తిరిగారా, కబాబుల పొగ ఎదురొస్తుంది. నాలుగడుగులు వేస్తే కొత్త బట్టల గంజి వాసన. ఇంకొంచెం ముందుకు పోయి పత్తర్‌గట్టీ రాతి కమానుల కిందికి రాగానే, ఆ పొగనూ గంజినీ పక్కకు నెట్టి మరొకటి వచ్చి మనని పలకరిస్తుంది. అది అత్తరు. కమాను నీడలో వరుసగా చిన్న చిన్న దుకాణాలు, అద్దాల బీరువాలు, వాటి నిండా కోపుల గాజు సీసాలు. మన పెళ్ళిళ్ళలో పన్నీరు బుడ్డి పక్కన కూర్చునే పెద్దమనిషి సొంత ఊరు ఇదేనేమో అనిపిస్తుంది.

ఈసారి పాతబస్తీని ముక్కుతో చూద్దాం రండి. ఖర్చు తక్కువ. కావలసింది ఒక్క పూట తీరిక, కాస్త ఓపిక. ఓపిక అని ఎందుకన్నానంటే, అత్తరు కొనేటప్పుడు మనం సాధారణంగా ముక్కుకు అర నిమిషం కన్నా ఎక్కువ వ్యవధి ఇవ్వం. మూత తీస్తారు, వాసన చూస్తాం, బాగుందంటాం, డబ్బిస్తాం. ఇంటికొచ్చి నాలుగు రోజుల తరువాత మూత తీస్తే, “ఆ రోజు చూసింది ఇది కాదే!” అనుకుంటాం. దుకాణదారు మోసం చేశాడని కొందరు నిర్ణయిస్తారు. మోసం ఉంటే ఉండవచ్చు. లేకపోనూవచ్చు. మూత తీసిన అత్తరు, మూత తీయకముందు ఉన్న అత్తరు కాదు. ఒంటికి రాసుకున్నది ఒక తీరున మారుతుంది, సీసాలో మిగిలింది ఇంకొక తీరున మారుతుంది. ఈ రెండు మార్పులూ తెలిసినవాడు డబ్బు పారేసుకోడు. పెళ్ళికి అత్తరు కొనబోయే ఆడపెళ్ళివారికి ఇది చిన్న విషయం కాదు గదా!

కమాను కింద దుకాణం

పత్తర్‌గట్టీకి ఒక కథ ఉంది. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన మహా వరద ఈ నగరాన్ని ముంచి వేలాది ప్రాణాలు తీసింది. ఆ విపత్తు తరువాత ఊరిని తీర్చిదిద్దడానికి 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కి అప్పటికి ఏడాదే. ఆ సంస్థ చేసిన పనులలోనే రోడ్డుకు రెండు వైపులా ఈ రాతి కమానుల బజారు వెలసింది. మండుటెండలో కూడా ఈ కమానుల కింద కాస్త చల్లగా ఉంటుంది. ఎండకూ వేడికీ పడని సరుకు అమ్మేవాళ్ళకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

దుకాణంలో సీసాల మీది పేర్లు మొదట కొత్తగా ఉంటాయి గాని, కొంచెం విప్పి చూస్తే అన్నీ మన పెరటి చుట్టాలే. ఖస్ అంటే మన వట్టివేరు. కేవడా అంటే మొగలి. మోతియా మల్లె, చంపా సంపెంగ. హినా గోరింట పువ్వు. ఊద్ అంటే అగరు, మనం అగరువత్తి అనడంలోని అగరే అది. మిట్టీ అంటే ఏమిటని అడిగితే దుకాణదారు నవ్వి, “మట్టే అమ్మా. తొలకరి వాన పడ్డ మట్టి,” అంటాడు. అది కూడా సీసాలోకి ఎక్కిందన్నమాట.

కొలతలు ఇప్పటికీ తులం లెక్కనే నడుస్తాయి. పావు తులమంటే మూడు మిల్లీలీటర్లు, అర తులమంటే ఆరు, తులమంటే పన్నెండు. చిన్న పుల్లకు దూది చుట్టి, సీసాలో ముంచి, చేతి వెనక వైపు ఒక్కసారి తాకిస్తాడు. అరచేతిలో రాయడు. అరచేయి పదిమందిని తాకుతుంది, చెమట పడుతుంది.

ఒక దుకాణంలో నేను నిలబడి ఉండగా వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం పెళ్ళికి అత్తరు ఎంచుతున్నారు. తల్లి, కూతురు, మేనత్త. ఎనిమిది రకాలు వాసన చూసేసరికి ముగ్గురికీ మూడు నచ్చాయి.

“భాయీ, ఇది అసలుదేనా?” అన్నది తల్లి.

తెల్లగడ్డం పెద్దాయన సీసాకు మూత బిగించి పక్కన పెట్టాడు. “జల్దీ నక్కో అమ్మా. ఇప్పుడు నేను అసలుదంటే మీరు నమ్మొద్దు. ఈ చేతికి ఇది రాసిన, ఆ చేతికి అది రాసిన. పోయి చార్మినార్ చూసి రండి, గాజులు కొనుక్కోండి, తినండి. సాయంత్రం చేతులు వాసన చూసుకుని ఏది కావాలో అప్పుడు చెప్పండి. ఒకవేళ రాకపోయినా పర్వా లేదు.”

మేనత్తగారు ఆయనను అనుమానంగానే చూసింది. అమ్మేవాడు కొనవద్దనడం ఆమెకు మింగుడుపడలేదు. కాని అత్తరు కొనడానికి అంతకన్నా మంచి సలహా ఏ గ్రంథంలోనూ లేదు.

మొదటి గడియారం

పత్తర్‌గట్టీ నుంచి దక్షిణంగా నడిస్తే మచిలీ కమాను, దాని కింద నుంచి పోతే నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజ్, ఎదురుగా చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఈ కట్టడానికి నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో అమర్చినవి. చేతికి అత్తరు రాయించుకుని బయలుదేరినవారు ఇక్కడ ఒకసారి గడియారం చూసి, ఒకసారి చేయి వాసన చూసుకోవాలి.

దుకాణంలో గుప్పుమన్నది ఈపాటికి తగ్గిపోయి ఉంటుంది. ఎక్కడికి పోయింది? గాలిలోకి పోయింది. మన వంటింట్లోనే దీనికి సాక్ష్యం ఉంది. పచ్చకర్పూరం డబ్బా మూత సరిగా పెట్టకపోతే ఏమవుతుందో ఇల్లాలికి చెప్పనక్కరలేదు. కరగదు, కాలదు, చడీచప్పుడు లేకుండా హరించుకుపోతుంది. అందుకే నాలుగు మిరియాలు వేసి ఉంచమనేవారు పెద్దలు. ఇటు ఇంగువ సంగతి చూడండి. ఇంగువ అయిపోయి ఏళ్ళయినా ఇంగువ కట్టిన గుడ్డ వాసన వదలదు. ఒకటి తేలిక వాసన, ఇంకొకటి బరువు వాసన. ప్రతి అత్తరులోనూ కొంత కర్పూరం స్వభావం, కొంత ఇంగువ గుడ్డ స్వభావం కలిసే ఉంటాయి.

ఒక గులాబీ అత్తరులో ఒకే పదార్థం ఉండదు. వందల రకాల అణువులు ఉంటాయి. వాటిలో చిన్నవి, తేలికైనవి ముందు లేచిపోతాయి. నిమ్మ, నారింజ తొక్కల వంటి వాసనలన్నీ ఈ జాతివి. పదిహేను నిమిషాలో అరగంటో వాటి హడావుడి. తరువాత పువ్వు అసలు వాసన బయటపడుతుంది, కొన్ని గంటలు నిలుస్తుంది. అదీ తగ్గాక చివరికి చర్మం మీద మిగిలేవి చందనం, కస్తూరి, అగరు వంటి బరువు వాసనలు. పెళ్ళి పందిట్లో ముందు బాజాభజంత్రీలు, తరువాత పెళ్ళి, ఆఖరికి ఇంటివాళ్ళు మిగిలినట్టు!

మన దేశపు అత్తర్లు యీ వరుసలో కొంచెం నెమ్మదస్థులు. విలాయతీ సెంట్లను సారాయి లక్షణం గల ద్రవంలో కరిగిస్తారు. అది చర్మం మీద పడగానే ఆవిరవుతూ తేలిక వాసనలను కూడా వెంట లేవదీస్తుంది. 1709 నుంచి జర్మనీలోని కొలోన్ నగరంలో తయారైన కొలోన్ నీళ్ళు ఈ బాపతువే. అత్తరులో ఆ ద్రవం ఉండదు. మద్యం తాకని ముస్లిం కుటుంబాలు నమాజుకు పోయేముందు అత్తరునే ఎంచుకోవడానికి అది ఒక కారణం. శుక్రవారం మక్కా మసీదు పరిసరాలలో చిన్న చెక్కపెట్టెలు పట్టుకు తిరిగే అత్తరువాళ్ళనూ, రంజాను రాత్రుళ్ళు ఈ దుకాణాల ముందు మూగే జనాన్నీ చూస్తే ఈ సంగతి తెలుస్తుంది.

అత్తరు ఈ నేలకు కొత్త కాదు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయమే రాశాడు. మన కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలలో కర్పూరం వెదజల్లించి కర్పూర వసంతరాయలు అనిపించుకున్నాడు. ఆయనకు సుగంధద్రవ్యాలు తెప్పించి ఇచ్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టికే శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. ఇక గులాబీ అత్తరు కథ జహంగీరు పాదుషా తన జ్ఞాపకాలలో రాసుకున్నాడు. నూర్జహాను తల్లి అస్మత్ బేగం పన్నీరు తీయిస్తూ, వేడి పన్నీరు పోసిన పాత్రలలో పైన తెట్టులా తేలిన నూనెను గమనించి కొంచెం కొంచెంగా పోగుచేయించిందట. దానికి ఇత్రె జహంగీరీ అని పేరు పెట్టారు. గొప్పవారి ఇంట కూడా ఒక కనిపెట్టే కన్నున్న ఇల్లాలు ఉంటేనే ఇలాంటివి బయటపడతాయి.

సంస్థానాల దర్బారులు ముగిసేముందు అత్తరు, పాన్ ఇవ్వడం మర్యాదగా ఉండేది. అత్తరుపాన్ అందితే ఇక లేవవచ్చునని అర్థం. అతిథి ఇంటికి చేరి, బట్టలు మార్చుకుని, మరునాడు దర్బారు సంగతులు తలచుకునేదాకా ఆ వాసన అంగరఖాను వదిలేది కాదు.

రెండవ గడియారం

చార్మినార్‌కు పడమటి వైపు లాడ్‌బజారు. లక్కగాజుల తళుకుల మధ్య నుంచి, “అక్కా, రండి, చూడండి” అనే పిలుపులను దాటుకుంటూ పోతే, చివర మహబూబ్ చౌక్, అక్కడ 1892 నాటి గడియారపు స్తంభం. గాజుల బేరంలో రెండు గంటలు గడిచి ఉంటాయి కాబట్టి మళ్ళీ ఒకసారి చేయి చూసుకోండి. ఇప్పుడు వినిపించే, కాదు, ఆఘ్రాణించే వాసనే పువ్వు అసలు మాట.

అగరు అత్తరు రాయించుకున్నవారికి ఇక్కడ పెద్ద ఆశ్చర్యం ఎదురవుతుంది. దుకాణంలో మొదట తగిలినప్పుడు అది కొందరికి పశువుల కొట్టం గుర్తు తెస్తుంది. ముఖం చిట్లిస్తారు, పిల్లలైతే ముక్కు మూసుకుంటారు. రెండు గంటలయ్యేసరికి అదే వాసన తేనె, తోలు, దేవుడి గదిలో ధూపం కలిసినట్టు తీయగా మారుతుంది. అస్సాం అడవుల చెట్టుకు గాయమై, బూజు సోకి, ఆ బాధకు చెట్టు ఊరించుకున్న జిగురే అగరు. ఆరోగ్యంగా ఉన్న చెట్టులో అది ఉండదు. అడవి చెట్లు తరిగిపోవడంతో 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు కూడా పెట్టారు.

చేతి మీది సంగతి ఇదీ. మరి సీసాలో మిగిలిన దాని మాటేమిటి?

ఇక్కడ ఒక పోలిక చెప్పుకోవాలి. ఫ్రెంచివాళ్ళు ద్రాక్షసారా సీసా బిరడా తీసి వెంటనే తాగరట. కాసేపు గాలి తగలనిస్తారు. గాలి తగిలితే మూసుకుపోయిన వాసనలు విచ్చుకుంటాయి, ఘాటు తగ్గుతుంది. అయితే ఆ గాలే మరి రెండు మూడు రోజులు తగిలిందంటే రుచి చస్తుంది. సారాలోని మద్యాన్ని గాలిలోని ప్రాణవాయువు మారుస్తుంది, ఆపైన సూక్ష్మజీవులు చేరి పులుపెక్కిస్తాయి, చివరికి మిగిలేది వినిగరు. 1860లలో లూయీ పాశ్చర్ ఈ గుట్టంతా విప్పిచెప్పాడు. మన పల్లెటూళ్ళలో తాటిచెట్ల కింద ఇది ఒక్కరోజులోనే జరిగే కథ. తెల్లవారుజామున దించిన నీరా తీపి, మధ్యాహ్నానికి కల్లు, మరునాటికి పులుపు.

అత్తరు ఆ దారిన పోదు. అందులో నీళ్ళు లేవు, చక్కెర లేదు. సూక్ష్మజీవులకు తిండి లేదు. కనుక పులియదు, కుళ్ళదు. కాని గాలికి లొంగకుండా ఉండే సరుకు లోకంలో అరుదు గదా. సీసా నిండా అత్తరు ఉన్నప్పుడు లోపల గాలికి చోటు లేదు. సగం వాడాక ఆ సగం గాలి. మూత తీసిన ప్రతిసారీ పైన పేరుకున్న తేలిక వాసనలు ఎగిరిపోతాయి, వాటి చోట కొత్త గాలి దిగుతుంది. ఆ గాలిలోని ప్రాణవాయువు మిగిలిన తేలిక అణువులను మెల్లగా మారుస్తుంది. నిమ్మజాతి వాసనలు ముందు పాడవుతాయి. వార్నిషు వాసన లాంటిది వచ్చిందంటే అదే గుర్తు. వెలుతురు, వేడి ఈ పనిని తొందరపెడతాయి. కిటికీ పక్క అద్దాల బల్ల మీద అందంగా పేర్చిన సీసాలు అందుకే త్వరగా ముసలివవుతాయి.

బరువు జాతివి దీనికి తలకిందులు. చందనం, అగరు, వట్టివేరు నూనెలు వయసు పెరిగినకొద్దీ మెత్తబడతాయి. కొత్తగా బట్టీ దించిన నూనెలో కొంచెం మాడువాసన, రాగిపాత్ర వాసన ఉంటాయి. నెలల మీద అవి విడిపోతాయి. లోపలి పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి గుండ్రదనం వస్తుంది. పాత ఊరగాయకూ కొత్త ఆవకాయకూ ఉన్న తేడా అనుకోండి. కన్నౌజులో అత్తరును పూర్వం తోలు కుప్పెలలో పోసి ఉంచేవారు. తోలులో నుంచి మిగిలిపోయిన తేమ మెల్లగా బయటికి పోయేది, నూనె లోపలే నిలిచేది.

కన్నౌజు పొయ్యి, గంజాం మొగలి

పాతబస్తీ బీరువాలలోని పూల అత్తర్లకు పుట్టిల్లు ఎక్కువగా ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజు. అక్కడి పద్ధతి ఇది. రాగి డేగిసాలో పూలు, నీళ్ళు పోసి, మూతకు మట్టి మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి ఒక వెదురు గొట్టం గుండా చల్లని నీటి తొట్టిలో కూర్చోబెట్టిన ఇంకొక రాగి పాత్రలోకి పోతుంది. మొదటిదాన్ని డేగ్ అని, రెండవదాన్ని భప్కా అని అంటారు. ఆ భప్కాలో ముందే చందన తైలం పోసి ఉంచుతారు. పూల వాసన వచ్చి అందులో ఇమిడిపోతుంది. మరునాడు నీటిని వంపేసి, కొత్త పూలతో మళ్ళీ మంట. చందనానికి కావలసినంత వాసన పట్టేదాకా రోజుల తరబడి ఇదే పని.

మిట్టీ అత్తరు కూడా ఇలాగే పుడుతుంది. పూలకు బదులు ఎండిన మట్టి బిళ్ళలు. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ తొలివాన వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టి నేచర్ పత్రికలో రాసినప్పుడు, ఆ వాసనను చందన తైలంలో పట్టే ఉత్తర భారతపు పరిశ్రమను కూడా పేర్కొన్నారు. శాస్త్రం పేరు వెతుక్కుంటున్ననాటికి కన్నౌజువాళ్ళు దాన్ని తులాల లెక్కన అమ్ముతున్నారన్నమాట.

మొగలి మాత్రం మన ఇరుగుపొరుగుదే. ఒడిశాలో తెలుగువాళ్ళు చాలామంది ఉన్న గంజాం జిల్లా సముద్రతీరం దీనికి పేరుపడ్డది. మొగలిరేకు జడలో పెట్టుకున్న అమ్మమ్మలకు ఆ సీసా మూత తీస్తే వయసు కాసేపు వెనక్కి పోతుంది.

మూడవ గడియారం

మహబూబ్ చౌక్ నుంచి వెనక్కి తిరిగి, మళ్ళీ మూసీ వైపు వస్తే సాలార్‌జంగ్ మ్యూజియం. 1951లో దివాన్ దేవిడీలో తెరిచిన ఈ మ్యూజియం 1968లో ఇప్పటి భవనంలోకి మారింది. శుక్రవారం సెలవు. గంటగంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ముందు జనం కూచుని ఎదురుచూస్తుంటారు. మూడు గంటలు కొట్టడం చూసి, మూడవసారి చేయి వాసన చూసుకోండి.

తీర్పు చెప్పేది ఇక్కడే. భప్కాలో నిజంగా చందనం ఉండి ఉంటే, పువ్వు వెళ్ళిపోయినా దాని జ్ఞాపకం తీసుకుని చందనం మిగిలి ఉంటుంది. మెత్తగా, పాలమీగడలా, చర్మం సొంత వాసనే అది అన్నట్టుగా ఉంటుంది. పువ్వు పోగానే ఏమీ మిగలకపోతే ఆధారం చందనం కాదనుకోవచ్చు.

కష్టం ఇక్కడే వచ్చింది. శ్రీగంధం చెట్టు వేళ్ళతో పక్క చెట్లను పట్టుకుని పెరిగే జాతి. అందులో వాసనగల చేవ పట్టడానికి పదిహేను, ఇరవై ఏళ్ళయినా కావాలి. 1916లో మైసూరులో చందన తైలం ఫ్యాక్టరీ పెట్టిన నాటి సమృద్ధి తరువాత మిగలలేదు. అడవులను దొంగలు నరికారు. చెట్టు మన పొలంలో ఉన్నా ప్రభుత్వానిదే అనే కట్టుబాటు ఉన్నంతకాలం రైతు దాన్ని నాటలేదు. 2001, 2002 ప్రాంతంలో కర్ణాటక, తమిళనాడు ఆ చట్టాలను సడలించాక, ఇప్పుడు తెలుగు రైతులు కూడా కొందరు శ్రీగంధం తోటలు వేస్తున్నారు. కాని చెట్టు మన తొందరకు చేవ పట్టదు గదా. తైలం ధర ఆకాశానికి పోయింది. దాంతో చందనానికి బదులు పారఫిన్ నూనె, రసాయన ద్రావకాలు భప్కాలోకి వచ్చాయి. కొన్ని సీసాలలో పువ్వు కూడా లేదు, ప్రయోగశాలలో చేసిన వాసన ఉంది.

అలాంటి సరుకు అమ్మకూడదని ఎవరూ అనరు. వంద రూపాయలకు దొరికే సీసా వంద రూపాయల పని చేస్తుంది, పండుగ నాడు పేదవాడి చొక్కాకూ ఒక వాసన ఉండాలి. చందనం ధర తీసుకుని పారఫిన్ ఇవ్వడమే అన్యాయం. పాతబస్తీలో నిజాయితీగల దుకాణదారు, “ఇది చందనం మీద దింపింది, ఇది కాదు” అని రెండు ధరలూ విడదీసి చెబుతాడు. అడగవలసిన ప్రశ్న, “అసలుదేనా?” అని కాదు. “దీని ఆధారం ఏమిటి?” అని.

వాసన ఎంతసేపు నిలిచిందన్నది ఒక్కటే కొలత అనుకోకండి. రసాయన వాసనలలో కొన్ని రెండు రోజులైనా పోవు. అయితే మూడు గడియారాల దగ్గరా అవి ఒకే మాట అంటాయి. పొద్దున ఎలా ఉందో సాయంత్రం కూడా అచ్చం అలాగే ఉన్న వాసనను కాస్త అనుమానించవలసిందే. పువ్వన్నాక మారుతుంది. మారకపోవడం దాని స్వభావం కాదు. చేతి పరీక్షతో అనుమానం తీరుతుందే గాని రుజువు దొరకదు. పూర్తి రుజువు కావాలంటే ప్రయోగశాల పరికరాలే చెప్పాలి. అందుకు కన్నౌజులో 1991 నుంచి ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉంది.

ఇంటికి తెచ్చాక

సీసా కొన్నారు సరే, దాన్ని కాపాడుకోవడం ఇల్లాలి చేతిలో ఉంది. తులం కావలసివస్తే ఒకే పెద్ద సీసా కన్నా పావు తులం సీసాలు నాలుగు తీసుకోండి. ఒకటి అయ్యాకే రెండవదాని మూత తీయండి. సగానికి వచ్చిన సీసాను చిన్న గాజు సీసాలోకి మెడదాకా వంపి పెట్టుకోండి. ద్రాక్షసారా మిగిలితే పాశ్చాత్యులు చేసే పని కూడా ఇదే. ప్లాస్టిక్ వద్దు, నూనెలు దాన్ని తింటాయి. చీకటి బీరువాలో, పొయ్యికీ కిటికీకీ దూరంగా ఉంచండి. ఒంటికి తాకిన పుల్లను మళ్ళీ సీసాలో ముంచకండి, చెమట, నూనె లోపలికి పోతాయి. ఆవకాయ జాడీలో తడి చెయ్యి పెట్టనివ్వని ఇల్లాలికి ఈ మాట వేరే చెప్పాలా?

పన్నీరు, మొగలినీరు మాత్రం అత్తరు లెక్క కాదు. అవి నీళ్ళు. మూత తీశాక చల్లని చోట పెట్టి త్వరగా వాడుకోవాలి. కాలాన్నిబట్టి కూడా ఎంపిక ఉంది. ఎండాకాలం వట్టివేరు, గులాబీ, మల్లె. చలికాలం హినా, అగరు, కస్తూరి బాపతువి. వేసవి పెళ్ళికి అగరు రాసుకుపోతే పక్కవాళ్ళు లేచి వేరే బంతిలో కూచుంటారు.

మనవాళ్ళకు ఒక అలవాటుంది. మంచి వస్తువును దాచడం. పెళ్ళికి వచ్చిన అత్తరు సీసా, “ఎప్పుడైనా పనికొస్తుంది” అని పట్టుచీరెల అడుగున పెడతారు. చందనం మీద దింపినదైతే మూత బిగువుగా ఉన్నంతకాలం దానికి ఆ నిరీక్షణ మంచే చేస్తుంది. కాని ఒకసారి మూత తీసి, రెండు చుక్కలు వాడి, మళ్ళీ పదేళ్ళు దాచడం మాత్రం సీసాకూ మనకూ నష్టం. అది గాలితో మాట కలిపింది. ఇక దాని రోజులు లెక్కలోకి వచ్చాయి. మూత తీయడానికి భయపడనక్కరలేదు, తీశాక వాడకపోవడానికే భయపడాలి.

వరంగల్ కుటుంబం ఏ సీసా కొన్నదో నాకు తెలియదు. కాని మ్యూజియం గడియారం ముందు ముగ్గురూ రెండు చేతులూ మార్చి మార్చి వాసన చూసుకోవడం చూశాను. పొద్దున అందరికన్నా ఎక్కువ ముఖం చిట్లించిన మేనత్తగారే, మణికట్టు ముక్కు దగ్గర నుంచి తీయకుండా, “ఇదేమిటే, ఇప్పుడు బాగుందే!” అంటున్నది.